ముక్కు వద్దంటే

సాగర్ డ్యామ్ నీళ్లలో మాకు స్కూబా డైవింగ్ నేర్పిన అక్కది దగ్గర్లోని హాలియా. దిగే ముందు ప్రతిసారీ ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదేది. చెవులు టప్పుమంటేనే నీళ్లలోకి దిగేది.

ఓ రోజు ఆమె పైకొచ్చేసరికి మాస్కులో నెత్తురుంది. చూడటానికొచ్చిన వాళ్లవ్వ ఒడ్డున గుండెలు బాదుకుంది. "వేడి చేసిందే బిడ్డా! జర సల్ల తాగు."

"గింత సల్లటి నీళ్లల్ల వేడేందవ్వా? సర్ది ఉన్నా చెవులు టప్పుమన్నయని దిగిన. లోపలికి పోయినంక ముక్కుల గాలి ఆడలే, గందుకే నెత్తురొచ్చింది," అంటూ అక్క మాస్కు కడుక్కుంది.

మర్నాడు పెద్ద సార్ల ముందు ప్రదర్శన. ముందుగా దిగాల్సిన అక్క, ముక్కు మూసి ఊదినా చెవులు టప్పుమనకపోవడంతో మమ్మల్ని దింపి, తను ఒడ్డునే కూర్చుంది. "నెత్తురు చూసి భయపడ్డవా?" అని, ముందురోజు సంగతి విన్న ఒక సారు మేం పైకొచ్చాక నవ్వాడు.

"నీళ్లకు భయపడను సార్. ముక్కు వద్దన్నంక మాత్రం దిగను," అంది అక్క, అవ్వ తెచ్చిన మజ్జిగ తాగుతూ.