అత్తమ్మ మోకాళ్ళ పేరు మీద

మా ఇంట్లో ఎవరికైనా ఏదైనా ఇష్టం లేకపోతే ఆ మాట తన పేరు మీద చెప్పరు. పక్కవాళ్ళ పేరు మీద చెబుతారు. మా ఆయనకు టమాటా పప్పు నచ్చదు. "అమ్మకు పులుపు పడదు, ఎందుకు జేసినవ్?" అంటాడు. ఆ అమ్మ పక్కనే కూర్చుని అదే పప్పు రెండోసారి వడ్డించుకుంటూ ఉంటుంది. అత్తమ్మకు ఏసీ గాలి గిట్టదు. "వానికి జలుబైతది, బంద్ జేయి బిడ్డా" అంటుంది. ఆ కొడుకేమో దుప్పటి కప్పుకుని హాయిగా గురక పెడుతుంటాడు. కోడలిగా వచ్చిన కొత్తలో ఈ పద్ధతికి నాకు ఒళ్ళు మండిపోయేది. నచ్చలేదని చెప్పడానికి వీళ్ళకు నోరు లేదా అని మా అమ్మతో ఫోన్లో గొణిగేదాన్ని. పోను పోను నాకూ అలవాటైపోయింది. చుట్టాలింటికి పోబుద్ధి కాకపోతే "మీ కొడుక్కి డ్యూటీ ఉంది అత్తమ్మా" అనడం నేర్చుకున్నాను. అందులో ఒక సుఖం ఉంది. ఎవరి మొహమూ చిన్నబోదు, మన మాటే నెగ్గుతుంది.

ఈ వేసవిలో ఆ విద్యను నేను ఎక్కడ వాడానో చెప్పాలి. చెప్పకపోతే లోపల కుదురుగా ఉండడం లేదు.

మా అమ్మాయి వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. పరీక్షలున్నాయి, మీరు ముగ్గురే ఎటన్నా పోయి రండి అంది. మా ఆయనకు శివరాత్రి నుంచే గుట్టల పిచ్చి పట్టుకుంది. ఆయన ఆఫీసులో ఎవరో పోయి వచ్చి ఫోటోలు చూపించారట. పొద్దున లేస్తే గుట్టలు, అన్నం ముందు కూర్చుంటే గుట్టలు. చివరికి ఒక శుక్రవారం సాయంత్రం ఏఎస్ రావు నగర్‌లో టూర్ల ఆఫీసుకు పోయి రెండు ప్యాకేజీలు మాట్లాడుకుని వచ్చాడు.

ఒకటి మహారాష్ట్ర అడవిలో పులుల సఫారీ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి జీపులో తిప్పుతారు. రెండోది ఉత్తరాఖండ్ కొండల్లో ట్రెక్కింగ్. మొదటిసారి వచ్చేవాళ్ళ కోసం పెట్టిన తేలిక దారి అట. సామాన్లు కంచరగాడిదలు మోస్తాయి, మనం రోజూ కొంత నడిచి గుడారాల్లో పడుకోవడమే. ఆఖరి రోజు పొద్దున మంచు కొండలు ఎదురుగా కనబడతాయని ఫోన్లో వీడియో చూపించాడు. గోకరకాయ తుంచుతున్న అత్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని, అద్దాలు పెట్టుకుని, ఆ వీడియోను రెండుసార్లు చూసింది. పులి వీడియో సగంలోనే ఫోన్ తిరిగి ఇచ్చేసింది. అది నేను చూశాను, కానీ పట్టించుకోలేదు.

"సోమవారం కల్లా జెప్పాలె. నాకైతే గుట్టల దిక్కే మనసుంది. పులిదేముంది, జూపార్కుల గూడ సూడొచ్చు," అన్నాడు మా ఆయన.

నాకు ఆ గుట్టల మాటే భయం. నేను నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తాను. రోజంతా మిషను ముందు కూర్చునే ఉద్యోగం. ఒళ్ళు బరువెక్కింది. ఆ మధ్య మా ల్యాబులో లిఫ్టు పాడైతే మెట్లెక్కి పోవలసి వచ్చింది. మధ్యలో ఆగి గోడ పట్టుకుని రొప్పుతుంటే, నిన్న గాక మొన్న చేరిన ఆడపిల్లలు వెనక్కి వచ్చి "మేడం, జర కూసోండ్రి, మంచినీళ్ళు తేవాల్నా?" అన్నారు. జాలిగానే అన్నారు, పాపం. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఏడ్చాను కూడా. అలాంటిది ముక్కూ మొహం తెలియని వాళ్ళంతా కొండ మీద ఆగి, నేను ఎప్పుడొస్తానా అని వెనక్కి తిరిగి చూస్తుంటే? వద్దు బాబోయ్. చచ్చినా వద్దు.

ఆ మాట అనొచ్చు కదా. నాకు ఆయాసం వస్తుంది, నేను ఎక్కలేను అంటే ఏం పోయింది? ఎవరూ నన్ను ఉరి తీసేవాళ్ళు కాదు. కానీ నా నోటి నుంచి వచ్చిన మాట ఇది:

"అత్తమ్మ మోకాళ్ళు ఏం గావాలె? ఈ వయసుల గుట్టలెక్కిస్తరా ఆమెను?"

అత్తమ్మ ఏనాడూ మోకాళ్ళ నొప్పి అన్నది లేదు. బీపీ గోళీ ఒకటి తప్ప ఆమెకు దవాఖానాతో పనే లేదు. ఆ మాట వినగానే ఆమె తల వంచి తన మోకాళ్ళ వైపు ఒకసారి చూసుకుంది, ఎవరో కొత్త చుట్టాలను చూసినట్టు.

"నిజమేనే, నాకు తట్టనే లే. అమ్మా, నొస్తున్నయా?" అన్నాడు మా ఆయన.

అత్తమ్మ ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది. "మీ ఇష్టం బిడ్డా. ఏదైనా మంచిదే," అని మళ్ళీ గోకరకాయ అందుకుంది. మా ఆయన ఉత్సాహమంతా నీరుగారిపోయింది. పాపం, తల్లి మీద ప్రేమ ఉన్న మనిషి. నాకు మాత్రం గాలాడినట్టయింది. ఎంత తెలివిగా తప్పించుకున్నానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆ మెప్పు తెల్లారేదాకే.

అత్తమ్మ కొన్నాళ్ళుగా పొద్దున్నే సంచీ పట్టుకుని పాలకు అని పోయి, చాలాసేపటికి గానీ వచ్చేది కాదు. పాల దుకాణం మా గల్లీ చివర్లోనే. చెమటకు రవిక తడిసి వచ్చేది. "పాల పాకెట్టుకు గింత సేపా అత్తమ్మా?" అని నేను విసుక్కుంటే "ఆడ ముచ్చట బెట్టిన బిడ్డా" అనేది. శనివారం నాడు నేను కంపెనీ బస్సు తప్పిపోయి మా ఉప్పల్ రింగ్ రోడ్డుకు వచ్చాను. నాచారం బస్సు ఎక్కాలంటే రోడ్డు పైన కట్టిన స్కైవాక్ వంతెన మీదుగా అవతలికి పోవాలి. ఎప్పటిలాగే లిఫ్టు దగ్గర నిలబడ్డాను.

పక్కన మెట్ల మీద అత్తమ్మ కనిపించింది.

కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంది. కాళ్ళకు మా అమ్మాయి వదిలేసి పోయిన స్పోర్ట్స్ బూట్లు. కూరగాయల సంచీ రెండు చెవులూ రెండు భుజాలకు తగిలించుకుని, బడి పిల్లలా వీపున వేసుకుంది. అందులో నీళ్ళు నింపిన పెద్ద సీసాలు. పక్కన ఎస్కలేటర్ మీద జనం నిలబడి పోతుంటే ఈమె ఒక్కో మెట్టు ఎక్కి, పైదాకా పోయి, మళ్ళీ దిగి వచ్చి, మళ్ళీ ఎక్కుతోంది. కడ్డీ పట్టుకోవడం కూడా లేదు. నేను గబుక్కున స్తంభం వెనక్కి పోయాను. నా ఇంటి మనిషికి నేనే కనబడకుండా దాక్కున్నాను. లిఫ్టు వచ్చింది, పోయింది.

కింద, ఆ స్తంభం పక్కనే పూలమ్మే ఆమె దగ్గర అత్తమ్మ కాసేపు కూర్చుంది.

"ఏందవ్వా, ఖాయమైందా మీ గుట్టల టూరు?" అంది పూలామె.

"యాడిది? అడవికి పోదామంటున్నరు. సోమవారం దాక టైమున్నది. ఏమో, మనసు మారుతదేమో."

"గా గుట్టల ఏమున్నదని గింత ఫికర్ నీకు?"

అత్తమ్మ బూటు లేసు సరి చేసుకుంటూ అంది, "బతుకంత నడిచిన నేను. ఉప్పల్ నుంచి నాచారం కంపెనీకి, కంపెనీ నుంచి ఇంటికి. డబ్బాలు గట్టే సెక్షన్ల దినమంత నిలబడుడు, మళ్ళ నడుసుడు. పనికి తప్ప ఎన్నడు నడ్వలే. ఒక్కపారి ఉత్తగనే నడ్వాలె అనిపిస్తుంది. ఏ పని లేకుండ, గట్ల నడుసుకుంట పోవాలె."

ఆ రోజు ల్యాబులో నేను చేసిన పనంతా మళ్ళీ చేయాల్సి వచ్చింది. సాయంత్రం ఇంటికి పోగానే చెప్పేయాలనుకున్నాను. మోకాళ్ళు కాదు, నా ఆయాసమే అసలు సంగతి అని. చెప్పడానికి ఎంత సేపు? ఒక్క ముక్క. చెప్పలేకపోయాను. ఆదివారం పొద్దున అడక్కుండానే అత్తమ్మకు ఇష్టమని సర్వపిండి చేశాను. "ఏంది బిడ్డా, ఏం పండుగ?" అని ఆమె నవ్వింది.

తినడం అయ్యాక మా ఆయన ఫోన్ పట్టుకుని అడిగాడు. "సఫారీకే పక్కా జేస్తున్న మరి. అమ్మా, సరేనా? నువ్వేమంటవ్?" రెండో ప్రశ్న నాకు. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. అత్తమ్మ చేతిలో గ్లాసు అట్లాగే ఆగింది. నేను నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది:

"మంచిదే. అడవికైతే స్వెట్టర్లు గిట్ల కొనే బాధ లేదు."

అత్తమ్మ గ్లాసు కింద పెట్టింది. నా నాలుకను నేనే కోసుకోవాలనిపించింది. కానీ స్వెట్టర్ల సంగతి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను, ఆపితే ఎక్కడ నిజం బయట పడుతుందోనని.

అడవికి పోయాం. మొదటి పొద్దున జీపు దగ్గరికి అత్తమ్మ ఆ బూట్లే వేసుకుని వచ్చింది. లేసులు రెండు ముడులు వేసుకుంది. జీపు కదిలే ముందు గైడు హిందీలో గట్టిగా చెప్పాడు, ఏం జరిగినా సరే, ఎవరూ కింద కాలు పెట్టకూడదని. మా ఆయన తెలుగులో చెప్పబోతే "సమజైంది నాయినా" అంది అత్తమ్మ. నడవాలని కలలు కన్న మనిషిని తీసుకొచ్చి, నేల మీద కాలు పెట్టనివ్వని చోట కూర్చోబెట్టాను. ఆమె సీట్లో ఒద్దికగా, కాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది. జింకలు కనిపించాయి, అడవిదున్న కనిపించింది. మా ఆయన ఫోటోలు తీశాడు. నేను ఏమీ చూడలేదు. నా కళ్ళు ఆ బూట్ల మీదే. ప్రతి పూటా జీపు దిగి గది దాకా నాలుగడుగులు, మళ్ళీ గది నుంచి జీపు దాకా. అడుగున మట్టి కూడా అంటలేదు.

ఆఖరి సాయంత్రం పులి వచ్చింది. పొదల్లోంచి బయటికి వచ్చి, మా జీపుకు కాస్త ముందు, బాట మీద మా కంటే ముందుగా పోసాగింది. జీపుల్లో అందరూ లేచి నిలబడ్డారు. అది వెనక్కి కూడా చూడలేదు, తొందరే లేదు దానికి. అత్తమ్మ నా మోచేయి పట్టుకుంది.

"ఎంత మంచిగ నడుస్తుంది సూడు బిడ్డా," అంది మెల్లగా.

నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. పులిని చూసి భయపడ్డానేమో అనుకున్నాడు మా ఆయన, భుజం తట్టాడు.

గదికి తిరిగి వచ్చాక ఆయన చాయ్ చెప్పడానికి పోయాడు. అత్తమ్మ మంచం మీద కూర్చుని లేసులు విప్పుకుంటోంది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఆ ముడి విప్పుతూ చెప్పేశాను. "అత్తమ్మా, నాకే చాతగాదు. నాకే ఆయాసం. నలుగుట్ల నగుబాటైతనని మీ మోకాళ్ళ మీద బెట్టిన. మీరు మెట్లెక్కుడు గూడ సూసిన. సూసి గూడ నోరు మూసుకున్న."

అత్తమ్మ ఆశ్చర్యపోలేదు. "నాకు ఎర్కనే బిడ్డా," అంది.

"ఎర్కనా? ఎర్కుండి ఎందుకు ఊకున్నరు?"

"ల్యాబుల పిల్లలు మెట్ల కాడ నీళ్ళిచ్చిన్రని ఆనాడు ఏడ్వలేదా నువ్వు? మల్ల నలుగుట్ల నువ్వు తలదించుకునుడెందుకు? మోకాళ్ళ పేరు జెప్పినవ్. జెప్పుకోనీ అనుకున్న. ముసల్దాని మోకాళ్ళే గదా, ఎవరు నవ్వరు."

తిట్టినా బాగుండేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. నేను దాచుకున్నాననుకున్నది ఆమె మొదటి రోజే చూసి, నా పరువు కోసం తన కోరికను పక్కన పెట్టి, పొద్దున్నే ఆ మెట్ల మీద ఒంటరిగా ఆశ పెట్టుకుంది. నేను ఒక్క మాట మారుస్తానేమోనని. "వచ్చే యేడు గుట్టలకే పోదాం అత్తమ్మా. నేను గూడ నడుస్త. ఒట్టు," అని ఆమె తల వైపు చెయ్యి చాపాను. ఆమె నా చెయ్యి తన తలకు తగలకుండా పక్కకు జరిపి నవ్వింది. "ఒట్లెందుకు గని, లే. వాడొస్తుండు."

ఉప్పల్‌కు వచ్చాక వారం దాకా అత్తమ్మ పాల పాకెట్టుతో వెంటనే తిరిగి వచ్చేసేది. నాకు అది చూడలేక ఒక రోజు పొద్దున్నే తయారై నేనూ వస్తానన్నాను. ఇద్దరం రింగ్ రోడ్డు దాకా నడిచాం. స్కైవాక్ మెట్ల దగ్గరికి రాగానే నేను ముందు ఎక్కడం మొదలుపెట్టాను, ఆమెకు చూపించాలని. సగం దాకా కూడా పోకముందే రొప్పు మొదలైంది. కాలేజీ పిల్లలు దాటుకుని పోయారు, ఒకమ్మాయి వెనక్కి తిరిగి చూసింది కూడా. చూస్తే చూసింది. ఆగుతూ, కడ్డీ పట్టుకుంటూ, తిట్టుకుంటూ ఎక్కాను. వెనకే అత్తమ్మ వస్తోందనుకున్నాను.

పైకి వచ్చి చూస్తే ఆమె అప్పటికే అక్కడ నిలబడి ఉంది. లిఫ్టులో వచ్చేసింది.

"ఏంది అత్తమ్మా, మెట్లెక్కరా?" అన్నాను, ఊపిరి అందక.

సంచీలోంచి నీళ్ళ సీసా తీసి నా చేతికిచ్చింది.

"మోకాళ్ళు నొస్తున్నయి బిడ్డా," అంది.

ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. నిజంగానే నొస్తున్నాయో, నా రొప్పు చూసి నన్ను ఆ ఒట్టు నుంచి తప్పించడానికి అన్నదో అడిగే మొహం నాకు లేదు. నీళ్ళు తాగుతూ ఆమె కాళ్ళ వైపు చూశాను. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు గమనించలేదు. మామూలు చెప్పులే వేసుకుని వచ్చింది.