పికప్ కోసం పీకించిన కన్వర్టర్

మామను డాక్టరుకు చూపించబోయి, దారిలోనే ఆయనకు కొత్త జబ్బు తగిలించిన ఘనుణ్ని నేను. నవ్వుకోండి, పర్లేదు.

అప్పట్లో కోరుట్లలో నాకో పాత పెట్రోలు కారుండేది. కాస్త ఎత్తు వస్తే చాలు, పెళ్ళి భోజనం చేసిన బావగారిలా ఆయాసపడేది. జగిత్యాలలో మెకానిక్ శీనుకు చూపించాను. కారు కింద దూరి బయటికొచ్చాడు.

"కన్వర్టర్ జామైందన్నా. కొత్తది ఎయ్యాలె."

"గదేంది?"

"పొగగొట్టంల ఉంటది. లోపట తేనెపట్టు లెక్క జాలీ. ఇంజిన్లకెల్లి అచ్చే పొగ గా జాలీలకెల్లి పోతే విషం చానామట్టుకు విరుగుతది."

"అంటే ఎద్దు మూతికి చిక్కం లెక్కన్నట్టు! పీకెయ్. ఊపిరాడి ఉరుకుతది."

"వద్దన్నా, తప్పు."

"చెప్పింది చెయ్ శీనూ. నేను వీడియోల చూసిన."

వీడియో చూసినవాడికి మెకానిక్ కూడా లోకువే కదా! నా భార్య సుజాత బడిలో సైన్సు టీచరు. ఆమెనైనా అడగలేదు. అడిగితే సమాధానం చెబుతుందని భయం.

శీను గొణుక్కుంటూనే కన్వర్టర్ పీకి, ఆ చోట ఉత్త గొట్టం అతికించాడు. అతుకు సరిగ్గా పడలేదని అప్పుడెవరికి తెలుసు?

మర్నాడు సుజాతా నేనూ సిరిసిల్ల వెళ్ళాం. జీవితమంతా మరమగ్గాల మధ్య నూలు దుమ్ము మింగిన మా మామకు ఛాతీలో పిల్లికూతలు. ఆయన్ను జగిత్యాల డాక్టరుకు చూపించాలి.

"గింత చప్పుడేంది అల్లుడా? మా మగ్గాలే నయం" అంటూ ఎక్కాడాయన.

"పికప్ మామా!" అని గర్వంగా తొక్కాను.

వేములవాడ దాటేసరికి కారంతా పెట్రోలు కంపు. సుజాతకు తలనొప్పి. మామకు దగ్గు మొదలై ఆగదే!

"అద్దాలు దించు! ఆపు!" అని అరిచింది సుజాత.

మామ దిగి రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. కళ్ళ నిండా నీళ్ళు. నేను నీళ్ళ సీసాతో పరుగెత్తాను.

"మామా, పాణం ఎట్లున్నది?"

"ఉన్నది అల్లుడా. నువ్వు మల్ల కారెక్కియ్యకుంటే ఉంటది."

"కారునేం చేసినవ్?" అంది సుజాత. చెప్పేశాను. ఆమె ముఖం చూడాలి!

"గా జాలీ మీద ప్లాటినం పూత ఉంటది. కార్బన్ మోనాక్సైడును, కాలని పెట్రోలును అది కార్బన్ డయాక్సైడు, నీళ్ళు చేస్తది. గదాన్నే పీకిస్తివా?"

"పొగ బయటికే పోతదనుకున్న."

"లోపటికచ్చింది గాబట్టి తెల్సింది. బయటికి పోతే ఎనుకచ్చేటోళ్ళు మింగుదురు, నువ్వు పికప్ అని మురుద్దువు!"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను కారుకు ఊపిరి పోయబోయి మామ ఊపిరి తీయబోయాను.

కారక్కడే వదిలి బస్సెక్కాం. డాక్టరు మామ ఛాతీకి గొట్టం ఆనించి, "బీడీలెన్ని తాగుతవ్ పెద్దాయనా?" అన్నాడు.

"బీడీ ముట్ట సార్. పొద్దుగాల మా అల్లుని కారెక్కిన, గంతే."

సుజాత సంగతంతా విప్పి చెప్పింది. డాక్టరు కళ్ళద్దాల మీంచి నన్నొకసారి చూసి, "టైముకు దిగిండ్రు, బతికిండ్రు" అని చీటీ రాసిచ్చాడు: మాత్రలు రెండు పూటలా. అల్లుడి కారు పూర్తిగా బంద్.

కాబట్టి పాఠక మహాశయులారా, కొత్త కన్వర్టర్ బిగించిన శీను చేతుల సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఏ వస్తువు ఎందుకుందో తెలియకుండా ఈ జన్మలో పీకించను. తెలిసినా, ముందు సుజాతను అడుగుతాను.