గాంధారి రోడ్డు మీద దించిన బోనం

కొత్త కుండలో బెల్లమన్నం ఉడుకుతుంటే మట్టి వాసన, బెల్లం వాసన కలిసి లేస్తాయి. ఈ పొద్దున కామారెడ్డిలో మా అమ్మాయి సుజాత బోనం వండుతుంటే ఆ వాసన నేను కూర్చున్న ముందుగది దాకా వచ్చింది. ఎల్లారెడ్డి ఊరు గుర్తొచ్చింది, నర్సవ్వ గుర్తొచ్చింది.

అప్పట్లో ఎల్లారెడ్డి బడిలో నేను లెక్కల టీచర్ని. నర్సవ్వ ఇంట్లోనే కిరాయికి ఉండేవాళ్ళం. ఆమె భర్త దుబాయిలో ఉండేవాడు, ఆమె బీడీలు చుట్టేది. వాడకట్టులో మొదటి బోనం ఎప్పుడూ నర్సవ్వదే, ఎందుకంటే నియమాలన్నీ ఆమెకే తెలుసు. ఎత్తేవాళ్ళు ఉపవాసం ఉండాలి. దారిలో మాట్లాడకూడదు. గుడి చేరేదాకా కుండ దించకూడదు. పోచమ్మ తల్లికి పెట్టకముందు ఒక్క మెతుకు ఎవరి నోటా పడకూడదు. ఒకసారి తీపి చూద్దామని నేను గరిటె ఎత్తితే చెయ్యి పట్టుకుంది. "లెక్కల టీచరువు, బెల్లం అందాజ తెల్వదా? ఎంగిలి చేస్తవా?" అంది. నాకు ఆమె పద్ధతి నచ్చింది. ఒక్క మెట్టు తప్పినా జవాబు తప్పుతుందని నేనూ పిల్లలకు రోజూ చెప్పేదాన్ని.

సుజాత ఒకటో తరగతిలో ఉన్న ఏడు, ఆషాఢంలో, దానికి ఆటలమ్మ పోసింది. పొక్కులు ఎండుముఖం పట్టినా జ్వరం దిగలేదు. అన్నం ముట్టలేదు, పిలిస్తే పలకడం కూడా తగ్గిపోయింది. డాక్టరు మందులిచ్చాడు. నర్సవ్వ దాని తల దగ్గర వేపకొమ్మ పెట్టి, ఈసారి బోనం నీ పేరు మీద ఎత్తుతానని చెవిలో చెప్పింది. ఆ ఆదివారం పిల్లను మావారికి అప్పగించి నర్సవ్వ పక్కనే నడిచాను. కుండ మీద దీపం ఆరకూడదు, నా ధ్యాసంతా దాని మీదే.

గాంధారి రోడ్డు మలుపులో తండా నుంచి వచ్చిన ఒక ఆడమనిషి కూలబడి ఉంది. ఒళ్ళో పాలు తాగే పిల్ల. పిల్లకు జ్వరమని దవాఖానకు నడిచి వస్తున్నదట, ముందురోజు నుంచి తను ఏమీ తినలేదట. లేవబోతే కళ్ళు తిరిగి మళ్ళీ కూలిపోయింది. పండగని హోటళ్ళన్నీ మూసి ఉన్నాయి. బోనాలెత్తిన ఆడవాళ్ళు ఆమెకు తగలకుండా పక్కకు జరిగి నడిచారు. నర్సవ్వ ఆగింది.

"టీచరమ్మ, దీపం తియ్యి."

దారిలో ఆమె గొంతు వినడం నాకు అదే మొదటిసారి. "అక్కా, అది సుజాత మొక్కు" అన్నాను.

"సుజాత పేరు మీదనే పెడుతున్న. తియ్యి."

దీపం తీసి పట్టుకున్నాను. ఆమె కుండను రోడ్డు మీద దించి, వేపాకు తొలగించి, ఆ మనిషి నోటికి తన చేత్తోనే ముద్దలు అందించింది. వెనక నుంచి నర్సవ్వ తోడికోడలు, ఎంగిలి బోనం తల్లికి ఏ మొఖం పెట్టుకొని ఇస్తవని నిలదీసింది.

"ఇదే మొఖం. ఇంకోటి యాడికెల్లి తెస్త?" అంది నర్సవ్వ, ముద్ద కలుపుతూనే.

తిన్నాక ఆ మనిషి లేచి, పిల్లనెత్తుకుని దవాఖాన వైపు నడిచింది. గుడి దగ్గర నర్సవ్వను అందరికంటే వెనక నిలబెట్టారు. ఆమె వంతు వచ్చేసరికి ఎండ వాలింది. కుండ పెట్టి, పక్కింటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. "సగమే తెచ్చిన తల్లీ. తక్కింది తొవ్వల ఇచ్చిన. కోపమొస్తే నా మీద తీర్చుకో, పిల్ల జోలికి పోకు."

ఆ వారంలోనే సుజాత జ్వరం దిగింది. బోనం వల్లనా, మందు వల్లనా, రోగం గడువు తీరిపోయిందా? ఆధారం లేని లెక్క నేను వేయను. దిగకపోయి ఉంటే నర్సవ్వ ముఖం మళ్ళీ చూడగలిగేదాన్నా అని మాత్రం అప్పుడప్పుడు అనుకుంటాను.

మరుసటి ఏడు మొదటి బోనం తోడికోడలికి పోయింది. నర్సవ్వ బతికినన్నాళ్ళూ ఆఖరునే నిలబడింది. ఆఖరుకుంటే తల్లితోటి నిమ్మలంగా మాట్లాడొచ్చని నవ్వేది. ఉపవాసం గానీ, దారిలో మౌనం గానీ వదల్లేదు.

ఈ పొద్దున సుజాత పొయ్యి మీంచి కుండ దించగానే, వేపాకు కట్టకముందే, మొదటి గరిటె నేను మోదుగాకులో తీసి గేటు దగ్గర అరుగు మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆ దారిన ముందు ఎవరొస్తే వాళ్ళకు. మా ఇంట్లో ఏటా ఇంతే. ఈసారి చాలాసేపు ఎవరూ రాలేదు. మనవరాలు రెండుసార్లు బయటికి వచ్చి చూసింది. గుడి దగ్గర లైను పెరుగుతోందని గుర్తుచేసింది.

"ఎవ్వరూ రాకుంటే ఎట్ల అమ్మమ్మా?"

"వచ్చేదాకా దీపం ముట్టియ్యం" అన్నాను. నియమాల దగ్గర నేను ఇప్పటికీ గట్టిదాన్నే.