తాబేలుకి టీవీ మీదే బొట్టు

ఒరే, మనందరం చిన్నప్పుడు చూసిన తాబేలు బొమ్మల సినిమా ఇప్పుడు ఫోన్లో దొరికింది గానీ, తల్లి తాబేలు వలలో పడే సీను కోసేసారు. ఎవడికి అడ్డొచ్చిందిరా అది?

మన కళింగపట్నంలో వలలో తాబేలు పడితే బొట్టెట్టి, దండమెట్టి సముద్రంలో వదిలేస్తాం కదా. గుర్తుందా, మా ఇంట్లో సీడీ ఏస్తే ఎండుచేపల బుట్టల మధ్య ఇరుక్కుని కూకునేవోళ్ళం. ఆ సీను రాగానే మా నానమ్మ కుంకం గిన్నెతో లేచేది. "ఒరే, ఆపండర్రా, కదిలిపోతన్నాది!" అని అరుస్తూ టీవీ అద్దం మీద తాబేలుకి బొట్టెట్టేది. మిగతా సినిమా అంతా ఆ ఎర్రమరక ఎనకాలే చూసేవోళ్ళం. ఇప్పుడు నానమ్మ లేదు.

నిన్న ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, అక్క పిల్లలకి ఇదంతా చెప్పి సినిమా పెట్టాను. చిన్నది కుంకం పట్టుకుని చివరిదాకా కాసుకుంది. సీను రాలేదు.

"కోతలు కొయ్యకు మావా. మీ నానమ్మ అలా సేసుండదు" అనేసింది.

ఒళ్ళు మండిపోయింది. మా సీడీ మీలో ఎవడో చూసిస్తానని పట్టుకెళ్ళి మళ్ళీ తేలేదు. సోమవారం పొద్దున్నే పిల్లలు చీపురుపల్లి ఎళ్ళిపోతారు. అటకలన్నీ ఎతకండి. ఎవడి దగ్గరుందో ఆదివారం మధ్యాహ్నంలోగా నాకు చెప్పాల.