గచ్చు మీద ఊగని పడవ

ఆ రోజుల్లో నన్ను మోసం చేయగల వ్యాపారి ఇంకా పుట్టలేదని నా నమ్మకం. అందుకే ఆ పని ఎవరి సాయమూ లేకుండా నేనే చేసుకున్నాను. సిద్దిపేటలో మాది గిన్నెల దుకాణం (సముద్రం మాకు క్యాలెండర్ బొమ్మల్లోనే కనిపించేది). మా ఊరి రిజర్వాయర్ నిండేసరికి నాకూ మా బావకూ కయాక్‌ల (ఒక్కడే కూచుని తెడ్డుతో నడిపే పడవలు) మీద గోదావరి తిరగాలని బుద్ధి పుట్టింది. "ముందు గీ రిజర్వాయర్ ఆవలి ఒడ్డు ముట్టి రాండ్రి, అప్పుడు పోనిస్త" అన్నడు బాపు.

కాకినాడలో సముద్రపు కయాక్‌లు చేసే తాత దగ్గర రెండు రకాలున్నాయి. ఒకటి పొట్టిగా, వెడల్పుగా, అడుగు పళ్లెంలా చదును. ఇంకోటి సన్నగా, పొడుగ్గా, అడుగు గుండ్రం. ఏదైనా ముప్పై వేలే. మా దుకాణంలో బిందెను గచ్చు మీద పెట్టి వేలితో నొక్కుతాం, ఊగిందంటే పనికిరాదు. పడవల్నీ అట్లే నొక్కాను. చదునుది కదల్లేదు, గుండ్రంది ఉయ్యాలైంది. "పడవని నీళ్ళలో చూడాలండి బాబూ! ఇది ఊగుద్ది గానీ పడెయ్యదు. చదునుది అల ఎటు వాలితే అటే వాలుద్ది. దూరం తిన్నగా పోవాలంటే ఈ పొడుగుదే" అన్నాడు తాత. నేను బావ చెవిలో, "అమ్ముడు పోని మాలునే గిట్ల పొగుడుతరు, మా దుకాణంల రోజూ చేసేదే గదా!" అన్నాను. బావ (బడి పంతులు, ఎవరేం చెప్పినా నమ్ముతడు) "గాయన మొకంల అబద్ధం లేదు బామ్మర్దీ" అని అడిగినంత ఇచ్చి పొడుగుది తీసుకున్నాడు. నేను పొద్దున చాయ్ నుంచి పగటి బువ్వ దాకా బేరమాడి చదునుదానికి మూడు వేలు తగ్గించాను.

పడవలు లారీలో తెచ్చి రిజర్వాయర్‌లో దించిన రోజు బాపు కట్ట మీద నిలబడ్డాడు. ఒడ్డున బావ ఊగుతుంటే "ఏంది బావా, పొద్దుగాల్నే తాగినవా?" అన్నాను. నడిమిట్లకు పోయేసరికి గాలి లేచింది. నా పళ్లెం గిరగిర తిరిగి, పక్క నుంచి వచ్చిన అలతోపాటు వాలి నన్ను నీళ్లలో దించింది. లైఫ్ జాకెట్ ఉంది గనుక బతికాను. "ఇప్పుడు నొక్కు వేలు పెట్టి!" అంటూ వచ్చిన బావ పడవ తోక పట్టుకుని వేలాడాను. ఏం పడవండీ అది! అల కొట్టినప్పుడల్లా నడుము ఒక్కసారి ఆడించి, నా బరువును కూడా ఈడ్చుకుంటూ గీత గీసినట్టు ఒడ్డుకు పోయింది.

మరుసటి వారం ఒక్కణ్ణే కాకినాడ పోయి నోరెత్తకుండా పొడుగుదానికి ముప్పై వేలు తాత చేతిలో పెట్టాను. "బేరమాడరేంటి బాబూ, ఒంట్లో బాలేదా?" అన్నాడు తాత. ఈసారి ఆవలి ఒడ్డు ముట్టి వచ్చాం, గోదావరీ తిరిగాం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చదునుదాన్ని దుకాణంలో పెట్టి బాపు దాంట్లో బిందెలు పేర్చాడు. గచ్చు మీద ఈనాటికీ ఇసుమంత కదలదు. దాన్ని చూసినప్పుడల్లా ఛాతీ విరుచుకుని బేరమాడిన ఆ పిలగాడి మీద నాకు కోపం రాదు, ముద్దొస్తాడు. ఉన్నదున్నట్టు లెక్క చెప్తాను: చదునుది ఇరవై ఏడు వేలు, పొడుగుది ముప్పై, రెండుసార్లు లారీ కిరాయి ఎనిమిది, నీళ్లు తాగిన ఫోన్ పద్నాలుగు. మొత్తం డెబ్బై తొమ్మిది వేలు. బేరంలో మిగిల్చింది, మూడు.