ముసలవ్వ దాచిందన్న మంత్రం

రిటైరైన టీచర్ల గ్రూపులో మొన్న ఎవరో ఒక వీడియో పంపారు. మన పూర్వీకులు మంత్రబలంతో ఉక్కు వండేవారనీ, ఆ రహస్యాన్ని తెల్లదొరలు ఎత్తుకుపోయి దాచేశారనీ ఒకాయన గంభీరమైన గొంతుతో చెప్తున్నాడు. మావాళ్ళంతా కింద వరుసగా దండాలు పెట్టుకుంటూ పోయారు. నాకు మాత్రం చెయ్యి ఆడలేదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరి, మెట్‌పల్లి దాటాక వచ్చే ఒక పల్లెలో బడి చెప్పే రోజుల్లో, ఇవే మాటలు మా చిన్నాయన నోట ఎన్నిసార్లు విన్నానో!

చిన్నాయన మా బాపుకు తమ్ముడు, తాలూకా కచేరీలో గుమాస్తా. ఆయన దృష్టిలో లోకమంతా ఎవరో మనకు తెలియకుండా దాచిన సంగతులతోనే నిండి ఉండేది. కోట కనబడితే కింద సొరంగం ఉండాల్సిందే, పాత గుడి కనబడితే గోడలో తాళపత్రాలు ఉండాల్సిందే. "ఇంట్ల ఉప్పు డబ్బ ఏడున్నదో ఎరుకలేదు గని, రాజులు దాసిన ఖజానా ఎరుకనట" అని మా చిన్నమ్మ దెప్పుతూ ఉండేది. ఆయన నవ్వేసి ఊరుకునేవాడే కానీ పట్టు మాత్రం వదిలేవాడు కాదు.

నా బడి వెనక ఒక నల్లటి దిబ్బ ఉండేది. ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెం తరతరాలుగా పారబోస్తే పెరిగిన దిబ్బ అది, చెప్పుల్లేకుండా ఎక్కితే అరికాళ్ళు కోసుకుపోయేవి. అడవిలో కట్టె కొట్టనివ్వక, బొగ్గు దొరకక, బయటి ఇనుము చౌకగా వచ్చిపడి, ఆ కొలుములు ఎన్నడో చల్లారిపోయాయట. వాటిని కళ్ళారా చూసినవాళ్ళలో ఒక్క ముసలవ్వ మిగిలింది. చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి కొలిమితిత్తి ఊదిన మనిషి. మట్టికుండలో ఇనుము ఉడికి ఉక్కు అయ్యేటప్పుడు కొలిమి చుట్టూ ఎవరూ నోరు మెదపకూడదనీ, ఏడ్చే పసిపిల్లలను దూరం తీసుకుపోయేవారనీ ఆమె ఒకసారి మాటల్లో నాతో అన్నది. ఆ సంగతి చిన్నాయన చెవిన పడటమే ఆలస్యం, ఆదివారం నాటికి సైకిలేసుకుని వచ్చి వాలాడు. అందరూ అంత మౌనంగా ఉన్నారంటే మనసులో మంత్రం జపించడానికే అని అప్పటికే తేల్చుకున్నాడు.

ఆ తర్వాత సెలవు దొరికిందంటే చాలు, చాయ్‌పత్తా పొట్లం, చక్కెర పొట్లం పట్టుకుని వచ్చేవాడు. ముసలవ్వ గడపలో కూర్చుని చాయ్ ఊదుకుంటూ, కుండకు ఏ మెట్టచెలక మట్టి తెచ్చేవారో, అందులో వడ్ల ఊక ఎట్లా కలిపేవారో, ఇనుము మీద తంగేడు ఆకు ఎందుకు కప్పేవారో మొదలుపెట్టేది. చిన్నాయన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "గవన్ని గాదవ్వా, జర మంత్రం చెప్పు" అనేవాడు. ఆమె తెల్లబోయి ఊరుకునేది. ఆమె ఊరుకున్నకొద్దీ ఏదో దాస్తున్నదని ఆయనకు నమ్మకం ముదిరేది. అట్లాగని ఆయనను వెర్రివాడని కొట్టిపారెయ్యలేను. మంత్రం దొరికితే దిబ్బ పక్కనే మళ్ళీ కొలిమి వెలిగిస్తాననీ, మన ఉక్కు పేరు మళ్ళీ నలుగురి నోట వినాలనీ చెప్తూ ఆయన ఒక చిట్టెం ముక్కను అరచేతిలో తిప్పుకునేవాడు. అది చూస్తే నాకు కళ్ళు చెమర్చేవి.

ఒక చలికాలం ముసలవ్వ మంచం పట్టింది. ఇక దక్కదని తెలిసి చిన్నాయన పరుగెత్తుకొచ్చాడు, ఇద్దరమూ వెళ్ళాం. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని, ఈ ఒక్కసారి చెప్పమని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆమె ఆయన వైపు తల తిప్పింది.

"మంత్రం గింత్రం ఏం లేదు బిడ్డా. లోపట ఉడుకు సప్పుడు ఇనాలె గద, గందుకే ఎవ్వలు మాట్లాడకపోదురు. సప్పుడు మారంగనె మంట గుంజుదురు" అన్నది.

చప్పుడు ఎట్లా మారుతుందని అడగాల్సిన క్షణం అది. చిన్నాయన ముఖం వాడిపోయింది, చెయ్యి వదిలేసి లేచాడు. నేను మంచం దగ్గరికి జరిగేసరికి ఆమె కళ్ళు మూసుకుని అటు తిరిగింది. ఆ వారంలోనే పోయింది. "ఆఖరికి గూడ దాసుకునే పోయింది సూడు" అని చిన్నాయన తాను బతికినన్నాళ్ళూ అంటూనే ఉన్నాడు.

ఆ దిబ్బ కూడా ఇప్పుడు లేదు. చిట్టెమంతా లారీల్లో తోలుకుపోయి రోడ్డు కింద పరిచారు. కరీంనగర్ నుంచి అటు పోయినప్పుడల్లా బస్సు దాని మీదుగానే వెళ్తుంది. మన వయసువాళ్ళకు ఎవరి ఊళ్ళో వారికి ఇలాంటి ముసలవ్వ ఒకరు గుర్తుండే ఉంటారు. మగ్గం గురించో, మందుచెట్టు గురించో ఆమె చెప్పబోతే మనం ఇంకేదో అడిగి ఉంటాం.

ఆ వీడియో కింద నాలుగు ముక్కలు రాద్దామని ఫోను తీసి, రాయలేక పక్కన పెట్టేశాను. తెల్లదొరలు ఏమేమి ఎత్తుకుపోయారో నాకు తెలియదు. ఈ ఉక్కు రహస్యం మాత్రం ఆ పల్లెలోనే, ముసలవ్వ గడపలోనే, చాయ్ గ్లాసు చేతబట్టుకుని కూర్చుని ఉంది. చెప్పడానికి నోరు తెరిచిన ప్రతిసారీ మేమే చెయ్యి అడ్డం పెట్టాం.