బయానా పుచ్చుకున్న హరనాథ్ అంకుల్

హరనాథ్ అంకుల్ వంతెనలకు డిజైన్లు వేసి రిటైరైన మనిషి. డాక్టరేట్ ఉంది. నేను ఇంటర్ సగంలో మానేసి, పెళ్లి చేసుకుని అమెరికాలోని అరోరా వచ్చి, వాళ్ల పక్కింట్లో ఉంటూ ఆయన ఏం చెప్పినా తల ఊపే మనిషిని.

2014లో ఆయన రిటైర్మెంట్ డబ్బంతా కవర్డ్ కాల్ ఈటీఎఫ్ అనే ఒక షేర్ల ఫండ్‌లో పెట్టారు. నెలనెలా డబ్బొస్తుంది కాబట్టి, ఫార్మసీలో రోజంతా నిలబడే ఆయన భార్య దమయంతి ఆంటీ ఆగస్టులో ఉద్యోగం మానేయాలని నిర్ణయించారు. ఆంటీ మోకాళ్ల కోరికా అదే.

ఒక శనివారం అంకుల్ ఇడ్లీలకు పిలిచి నాకూ పాఠం చెప్పారు.

"చూడమ్మాయ్, ఫండ్ దగ్గర షేర్లుంటాయి. వాటిని ఫలానా రేటుకి కొనుక్కునే రైట్ ఇంకొకడికి అమ్ముతుంది. ఆ డబ్బే మనకి మంత్లీ ఇన్‌కమ్. సింపుల్!"

అంటే బయానా. మా నాన్న స్థలాల బ్రోకరు. ఒకసారి సొంత స్థలానికే బయానా పుచ్చుకున్నాడు. మూడు నెలల్లో రేటు రెట్టింపైనా, రాసిచ్చిన ధరకే ఇచ్చేసి వారం రోజులు సరిగా అన్నం తినలేదు. రేటు పడిపోతే మాత్రం కొనేవాడు రాడు, పడిన స్థలం మనకే మిగులుతుంది. ఈ మాట చెబుదామని నోరు తెరిచి, "చట్నీ బాగుంది అంకుల్" అన్నాను.

పైగా ఇంటికెళ్లి, మా ఆయన ఉదయ్ చేత అదే ఫండ్ ఐదు వందల డాలర్లకు కొనిపించాను. నెలకు నాలుగు డాలర్లు రాగానే జమీందారులా నడిచాను. అంకుల్‌కీ గొప్పగా చెప్పుకున్నాను.

జులైలో ఆంటీ రాజీనామా ఉత్తరం తెచ్చి స్పెల్లింగులు చూడమన్నారు. నన్ను!

"ఆంటీ, మార్కెట్ పడితే ఆ ఫండూ పడుతుంది. పెరిగితే మనకి పూర్తిగా రాదు. నెల డబ్బు కూడా తగ్గొచ్చు," అని తలెత్తకుండా ఆ కాగితానికే చెప్పాను. నాన్న స్థలం సంగతి కూడా.

అంకుల్ గుమ్మంలోనే ఉన్నారు. "ఇంత తెలిసినదానివి, మరి నువ్వెందుకు కొన్నావమ్మా?"

"మీరు డాక్టరేట్ కదా అంకుల్."

ఆంటీ పగలబడి నవ్వారు. "ఏమండీ, బ్రిడ్జి కట్టేటప్పుడు కూడా ఒక్క స్తంభమే వేసేవారా?"

అంకుల్ నవ్వలేదు. మూడో రోజు సగం డబ్బు తీసి బ్యాంకు డిపాజిట్లో వేశారు. ఆంటీ ఉద్యోగం మానలేదు. వారానికి మూడు రోజులే వస్తానని ఇంకో ఉత్తరం రాశారు. దాని స్పెల్లింగులూ నన్నే చూడమన్నారు. ఒక్క తప్పూ కనిపించలేదు. కనిపించేంత చదువు నాకెక్కడిది?